కారెక్కనన్న కుక్క – ఇల్లు కదలనన్న అత్తయ్య

మీ ఇంట్లో కుక్క ఉందా? ఉంటే అది కారెక్కుతుందా? కారు చప్పుడు వింటేనే మంచం కింద దూరే రకమా, లేక ఎక్కీ ఎక్కగానే కిటికీలోంచి తల బయటపెట్టి ఊరంతా వినబడేట్టు అరిచే రకమా? పొద్దున్నే వీధిలోకి తీసుకెళితే మీరు దాన్ని తిప్పుతారా, అది మిమ్మల్ని తిప్పుతుందా? నవ్వకండి. ఏడాదిన్నర కిందట నన్నెవరైనా ఇట్లా అడిగితే నేనూ నవ్వేదాన్నే. మా అత్తయ్య కంటి ఆపరేషను ఒక కుక్క దగ్గర ఆగిపోయిందాకా ఇది నవ్వులాట కాదని నాకు తెలియలేదు.

మాది నరసరావుపేట. అత్తగారి ఊరు గురజాల. మామయ్య పోయాక అత్తయ్య ఆ ఇంట్లో ఒక్కరే ఉంటున్నారు. ఒక్కరే అంటే ఊరుకోరు, "నల్లోడున్నాడుగా" అంటారు. నల్లోడు మామయ్య పెంచిన కుక్క. జాతి కుక్కేమీ కాదు. వర్షంలో తడుస్తూ చూరు కిందికి వచ్చిన నల్లటి పిల్లని మామయ్య తువ్వాలుతో తుడిచి ఉంచేసుకున్నారు, అంతే. గురజాలంటే అందరికీ నాగమ్మ గారి కోడిపుంజు గుర్తొస్తుంది గానీ, మా వీధిలో మటుకు పేరు నల్లోడిదే. రాత్రిపూట మా గుమ్మం ముందు నుంచి కొత్తవాళ్లు పోవాలంటే అవతలి పక్కగా నడవాల్సిందే.

అత్తయ్యకి రెండు కళ్లలోనూ శుక్లాలు. సంక్రాంతికి వెళ్లినప్పుడు చూశాను, బియ్యంలో రాళ్లు ఏరలేకపోతున్నారు. పొయ్యి మీద గిన్నె దించబోయి చెయ్యి కాల్చుకున్నారు. నరసరావుపేటలో డాక్టరుకి చూపిస్తే, కుడికంట్లో శుక్లం బాగా ముదిరింది, ఇంకా ముదరనిస్తే కంట్లో ఒత్తిడి పెరిగి ఉన్న చూపుకే మోసం వస్తుంది, రెండు నెలల్లోపు చేయించండి అన్నారు. ఆపరేషను చిన్నదే. కానీ తరవాత నెలపైన చుక్కలు వెయ్యాలి, వంగకూడదు, బరువులెత్తకూడదు. మా దగ్గరే ఉండాలి. "నల్లోడిని ఎవరికప్పజెప్పి వస్తానమ్మాయ్?" అన్నారు అత్తయ్య. పక్కింటివాళ్లకి అప్పజెప్పి చూశాం. రెండు రోజులు ముద్ద ముట్టలేదు, రాత్రంతా ఒకటే ఏడుపు. మూడోరోజు అత్తయ్య తిరిగి గురజాల బస్సెక్కేశారు.

సరే, కుక్కని కూడా తీసుకొచ్చేద్దాం, గంటన్నర పైచిలుకు ప్రయాణమేగా అనుకున్నాం. అదే మేం చేసిన మొదటి తప్పు.

నలుగురం పట్టి నల్లోడిని కారులో తోశాం. తలుపు వేశాం. ఊరు దాటకముందే నోట్లోంచి ధారగా చొంగ. తరవాత వాంతి. ఆ తరవాత గాజుని గోళ్లతో గీకడం, అరుపులు. పిడుగురాళ్ల దగ్గర సున్నం బట్టీలు కనబడే చోట వెనక సీట్లోంచి ఒక్క దూకు దూకి మావారి ఒళ్లో పడ్డాడు. కారు రోడ్డు దిగి మట్టిలోకి వెళ్లింది. ఎదురుగా సున్నం లారీ. ఆ లారీ డ్రైవరు పుణ్యాత్ముడు, బ్రేకు వేశాడు. అందరం బతికే ఉన్నాం గనక ఇప్పుడు చెప్పుకుంటున్నాను గానీ, ఆ రోజు నా కాళ్లు వణికిన వణుకు ఇంటికొచ్చాక గానీ తగ్గలేదు. కారు వెనక్కి తిప్పి గురజాల వచ్చేశాం. మావారు కోపంతో మాట్లాడలేదు. అత్తయ్య మటుకు, "కళ్లు పోతే పోనీయండర్రా, వాణ్ని మాత్రం చంపకండి" అన్నారు.

మర్నాడు పశువుల ఆసుపత్రికి వెళ్లాను. కుక్కకి మత్తుమందు ఇచ్చి తీసుకుపోదామని నా ఆలోచన. అక్కడి డాక్టరు గారు అంతా విని, "కుక్క ఇంతకుముందు ఎన్నిసార్లు కారెక్కిందమ్మా?" అని అడిగారు. ఒక్కసారీ లేదు. "మరి మొదటిసారే వంద అడుగుల బావిలో దించితే ఎట్లా?" అన్నారు. మత్తిచ్చినంత మాత్రాన భయం పోదు, లోపల భయపడుతూనే పైకి కదలలేక పడి ఉంటుంది, ఏ మందైనా బరువు చూసి డాక్టరు ఇవ్వాల్సిందే తప్ప మనుషుల మాత్రలు విరిచి వెయ్యకూడదు అని చెప్పారు. నెలన్నర టైము పెట్టుకుంటే నేర్పొచ్చు అన్నారు. నాకు నమ్మకం కుదరలేదు. కానీ వేరే దారి కనబడలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నేను చదివింది ఇంటర్మీడియెట్. పావ్‌లోవ్ అనే రష్యా శాస్త్రవేత్త గురించి అప్పుడెప్పుడో పాఠం చదివాను, పరీక్ష రాసి మర్చిపోయాను. జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది ఆయనకి. తిండి పెట్టే మనిషి అడుగుల చప్పుడుకే కుక్కల నోట్లో లాలాజలం ఊరడం ఆయన గమనించాడు. తిండికీ చప్పుడుకీ సంబంధం లేదు, కానీ కుక్క మనసులో రెండూ ముడిపడిపోయాయి. మా నల్లోడికీ అంతే. కారుకీ భయానికీ ముడి పడింది. ఆ ముడి విప్పి కారుకీ కోడికార్జానికీ ముడి వెయ్యాలి. డాక్టరు గారు చెప్పిందంతా కలిపితే ఇంతే.

కారు నాతో గురజాలలో ఉండిపోయింది. మావారు నెలన్నర సొంత వంట, ఎక్కడికెళ్లాలన్నా బస్సు. (ఆ సంగతి ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటారు, చెప్పుకోనివ్వండి.)

కదలని కారు

మొదటి వారం కారు స్టార్టే చెయ్యలేదు. వాకిట్లో వేపచెట్టు కింద పెట్టి నాలుగు తలుపులూ తీసి ఉంచాం. నల్లోడి అన్నం గిన్నెని కారుకి పది అడుగుల దూరంలో పెట్టాను. అనుమానంగా చూసి, తిని, పరిగెత్తాడు. రోజుకి ఒక అడుగు దగ్గరికి జరిపాను. నాలుగో రోజు తొందరపడి ఒక్కసారే కారు పక్కన పెడితే ఆ పూట తినలేదు. మళ్లీ వెనక్కి జరిపాను. ఇందులో మనం గుర్తుపెట్టుకోవాల్సింది, కుక్క తినకపోతే అది మొండితనం కాదు. భయం ఎక్కువైనప్పుడు ఎంత ఇష్టమైన తిండైనా ముట్టదు. అంటే మనం తొందరపడ్డామని లెక్క.

ఇంకొన్ని గుర్తులున్నాయి. నిద్ర రాకుండానే ఆవలించడం, తినేదేమీ లేకపోయినా మూతి నాక్కోవడం, తోక కాళ్ల మధ్యకి ముడవడం, తడవకపోయినా ఒళ్లు విదిలించుకోవడం. ఇవన్నీ కుక్క "నాకు భయంగా ఉందమ్మా" అని చెప్పే మాటలే. ఆరేళ్ల నుంచి చూస్తున్నాను నల్లోడిని, ఒక్కదానికీ అర్థం తెలియదు నాకు. గుర్రుమంటే కొట్టేదాన్ని కూడా. అది చాలా తప్పట. గుర్రుమనడం కరవబోయే ముందు ఇచ్చే హెచ్చరిక. కొట్టి అది మాన్పిస్తే రేపు హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

రెండో వారం అత్తయ్యని రంగంలోకి దించాను. ఆవిడ వెళ్లి కారు వెనక సీట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉండేవారు. ఎవరూ పిలవలేదు, లాగలేదు. రెండో రోజు సాయంత్రం నల్లోడు ముందుకాళ్లు రెండూ ఎక్కించాడు. మర్నాడు మొత్తం ఎక్కి అత్తయ్య కాళ్ల దగ్గర పడుకున్నాడు. ఎక్కిన వెంటనే ఉడికించిన కార్జం ముక్క, బఠాణీ గింజంత. పెద్ద ముక్కలు పెట్టకండి, నాలుగు తినగానే కడుపు నిండి ఇక మన మాట వినదు. ఉడికించిన కోడిగుడ్డు ముక్కలైనా, ఉప్పూ కారం లేని జొన్నరొట్టె ముక్కలైనా సరిపోతాయి. చాక్లెట్లు, ద్రాక్షపళ్లు, ఎండుద్రాక్ష, ఉల్లిపాయ తగిలిన కూరలు మాత్రం వద్దు. అవి కుక్కలకి విషంతో సమానం.

తరవాత తలుపులు వేసి తియ్యడం. తరవాత ఇంజను స్టార్ట్ చేసి నిమిషంలో ఆపెయ్యడం. నాకు స్కూటీ వచ్చు గానీ కారు రాదు. మా వీధి చివర టాక్సీ తోలే కుర్రాడు పొద్దునా సాయంత్రం పావుగంట వచ్చేవాడు. "అక్కా, నా సర్వీసులో కారు కదలకుండా కిరాయి తీసుకోవడం ఇదే మొదలు" అనేవాడు. మూడో వారం గేటు దాకా, తరవాత వీధి చివరి దాకా, ఆపైన మాచర్ల రోడ్డులో రెండు కిలోమీటర్లు. దూరం వెళ్లిన ప్రతిసారీ చివర్లో దిగి కాసేపు నడక. కారెక్కితే మంచి చోటికి పోతామని దానికి తెలియాలి. చాలామంది కుక్కని ఏడాదికోసారి ఇంజక్షనుకే కారెక్కిస్తారు. మనల్ని అట్లా తీసుకుపోతే మనం మాత్రం ఎక్కుతామా?

మధ్యలో శివరాత్రి వచ్చింది. కోటప్పకొండ తిరునాళ్లంటే మా ఇంటికి చుట్టాల రద్దీ, నేను నరసరావుపేట రాక తప్పలేదు. నాలుగు రోజులు ఆపేశాం. తిరిగి వెళ్లేసరికి నల్లోడు ఇంజను చప్పుడుకి మళ్లీ దూరం జరిగాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ టాక్సీ కుర్రాడే, "రెండు మెట్లు దిగాడు, రెండే ఎక్కాలి, మళ్లీ కిందినుంచి కాదుగా అక్కా" అన్నాడు. అదీ నిజమే అయింది. మూడు రోజుల్లో మామూలైపోయాడు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అత్తయ్య నాతో అన్నారు. మామయ్యకి గుండెనొప్పి వచ్చినప్పుడు కారులోనే తీసుకెళ్లారట. నల్లోడు ఆ కారు వెంట ఊరి చివరిదాకా పరిగెత్తాడట. కారు తిరిగొచ్చింది, మామయ్య రాలేదు. "వాడికి కారంటే ఎందుకు పడుద్దమ్మాయ్" అన్నారు. డాక్టరు గారినడిగితే, కుక్క మనసులో ఏముందో మనం చెప్పలేంగానీ వాంతి మాత్రం చెవి లోపలి తూకం తప్పడం వల్ల వచ్చేదే అన్నారు. ఇద్దరిదీ నిజమే అయి ఉండొచ్చు.

బెల్టు కట్టి నడిపించడం

గురజాలలో నల్లోడు మెడకి తాడు ఎరుగడు. నరసరావుపేటలో మా వీధిలో బళ్లు, స్కూలు పిల్లలు, ఒక్కో సందుకి ఒక్కో కుక్కల గుంపు. బెల్టు లేకుండా తిప్పడం కుదరదు. మెడపట్టీ కంటే ఛాతీ చుట్టూ వచ్చే బాడీ బెల్టు మంచిది, లాగినప్పుడు గొంతు నొక్కుకోదు. మొదట ఇంట్లోనే రోజుకి పది నిమిషాలు కట్టి వదిలేశాం. అలవాటయ్యాక తాడు తగిలించాం.

మొదటి రోజు నన్ను ఈడ్చుకెళ్లి తిన్నగా మిరపకాయల కల్లంలో పడేశాడు! మాఘమాసం, పల్నాడంతా ఎర్రటి తివాచీ పరిచినట్టు కల్లాలే. వాడూ నేనూ పోటీపడి తుమ్మాం. కల్లం కాపలా ముసలాయన, "ఏందమ్మా, కుక్క నిన్ను తోలుకొచ్చిందా?" అన్నాడు.

నేను చేసిన పొరపాటేమిటంటే, వాడు లాగితే నేనూ లాగాను. తాడు బిగిస్తే కుక్క ఇంకా ముందుకే గుంజుతుంది, అది దాని స్వభావం. అందుకని లాగిన మరుక్షణం గుంజ పాతినట్టు నిలబడిపోవాలి. తిట్టొద్దు, పిలవొద్దు. ఎందుకాగిందా అని అది వెనక్కి చూస్తుంది, తాడు వదులవుతుంది. అప్పుడు "మంచోడివి" అని ఒక ముక్క మీ మోకాలి పక్కనే పెట్టి నడవండి. మోకాలి పక్కనే ఎందుకంటే, ముక్క ఎక్కడ దొరికితే కుక్క అక్కడే నడుస్తుంది. మొదటి వారం మేము అరగంటలో మూడిళ్లు దాటలేదు. చూసినవాళ్లు నాకు మతి చలించిందనుకున్నారు. పదిహేనో రోజుకి తాడు నా చిటికెన వేలికి తగిలించుకుని బడి దాకా నడిచాను.

ఇంట్లో అందరూ ఒకే పద్ధతి పాటించాలి సుమండీ. నేను ఆగుతుంటే, ఆదివారం మావారు వచ్చి "పోనీలే" అని లాగినవైపల్లా వెళ్లేవారు. అట్లా అయితే సోమవారం మళ్లీ నాకు మిరప కల్లమే.

వేరే కుక్క ఎదురైతే? మనం కంగారుపడి తాడు బిగిస్తాం, మన కంగారు తాడు వెంట కుక్కకి పాకుతుంది. దూరంగా ఉండగానే రోడ్డుకి అవతలి పక్కకి మారండి. మీ కుక్క దాన్ని చూసి ఇంకా అరవకముందే పేరుపెట్టి పిలిచి ముక్క పెట్టండి. అరిచాక పెట్టి లాభం లేదు. వీధికుక్కలు చుట్టుముడితే పరిగెత్తొద్దు, వాటి కళ్లలోకి చూడొద్దు, పక్కకి తిరిగి నెమ్మదిగా జరగండి. మేకల మంద ఎదురైతే నేను ఇప్పటికీ వెనక్కి తిరిగి వచ్చేస్తాను. ఆ ఒక్కటీ మాకు చేతకాలేదు.

నడిచే వేళ కూడా ముఖ్యమే. ఎండలకి పేరుమోసిన రెంటచింతల మాకు పక్క ఊరే, నేను చెప్పక్కర్లేదు. మధ్యాహ్నం తారు రోడ్డు మీద మన చేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి చూడండి. మనం ఓర్చుకోలేకపోతే దాని పాదాలు కూడా ఓర్చుకోలేవు. తెల్లవారి ఆరింటిలోపు, లేదంటే పొద్దుగుంకాకే.

దాన్నిబట్టే కారు సంగతీ. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పడమే దాని చల్లదనం. నీడలో పెట్టినా, గాజులు కాస్త దించినా ఆపి ఉన్న కారు పది నిమిషాల్లో పది డిగ్రీలు వేడెక్కుతుంది. "ఒక్క చీర చూసి వచ్చేస్తా" అని కుక్కని కారులో వదలకండి. చిన్నపిల్లల విషయమూ అంతే. ఆగకుండా రొప్పుతూ, తూలుతూ, చిగుళ్లు బాగా ఎర్రబడితే అది వడదెబ్బ. నీడలోకి తెచ్చి ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూ, గాలి తగలనిస్తూ వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

టీకాల మాట చెప్పకుండా ఉండలేను. ప్రయాణానికి ముందు నల్లోడికి రేబిస్ టీకా వేయించి కార్డు రాయించుకున్నాం. మూడు నెలల వయసులో మొదటిది, ఆపైన ఏటేటా వేయించాలి. పాశ్చర్ మహాశయుడు పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొట్టమొదట టీకా వేసింది 1885 జూలై 6న. అందుకే ఆ తేదీని జూనోసిస్ దినంగా జరుపుతారు, ఆ రోజు మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి ఉచితంగా వేస్తుంటారు. ఏ కుక్క కరిచినా, పెంపుడుదైనా సరే, పసుపూ కారం పెట్టకుండా సబ్బుతో ధారగా పారే నీటి కింద పావుగంట కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మార్చి మూడో వారంలో బయల్దేరాం. ముందురోజు రాత్రి తిన్నదే, పొద్దున్న మేత లేదు, నీళ్లు కాసినే. అయిదింటికి పొద్దు పొడవకముందు ఒక చుట్టు నడిపించి, వెనక సీటు మీద పాత బొంత పరిచి (మామయ్యది, ఆ వాసన వాడికి ధైర్యమని) ఎక్కించాం. బాడీ బెల్టుని చిన్న పట్టీతో సీటు బెల్టుకి తగిలించాం. మెడపట్టీకి ఎప్పుడూ కట్టకండి, సడన్ బ్రేకు పడితే మెడకి దెబ్బ. గాజులు రెండు వేళ్ల సందు మాత్రమే దించాం. తల బయట పెట్టనిస్తే కంట్లో దుమ్మూ రాళ్లూ పడతాయి, ఎదురుగా బండొస్తే ఇక చెప్పేదేముంది. డిక్కీలో వెయ్యడమన్నది అసలు తలపెట్టొద్దు.

చొంగ కాస్త కారింది. పిడుగురాళ్ల దాటాక ఆపి పది నిమిషాలు నడిపించి నీళ్లు పట్టాం. ఆ సున్నం బట్టీల దగ్గర మావారు స్టీరింగు గట్టిగా పట్టుకున్నారు, నేను కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే నల్లోడు అత్తయ్య ఒళ్లో గడ్డం ఆనించి నిద్రపోతున్నాడు. వాంతి లేదు, అరుపు లేదు. అత్తయ్య మటుకు, చూపు ఆనని ఆ కళ్లతోనే, దారంతా వాడి వైపే చూస్తూ కూర్చున్నారు.

ఆపరేషను బాగా జరిగింది. కంటికి పట్టీ ఉన్నన్నాళ్లూ నల్లోడిని అత్తయ్య గదిలోకి రానివ్వలేదు. మొహం నాకుతాడని భయం. చుక్కలు వేసే నెలరోజులూ వాణ్ని ముట్టుకున్నాక చెయ్యి సబ్బుతో కడుక్కోకుండా కంటి దగ్గరికి పోనివ్వలేదు. వాడు గుమ్మానికడ్డంగా పడుకుని రోజూ నన్ను దొంగలా చూసేవాడు. పట్టీ తీసిన రోజు అత్తయ్య మొదట అన్న మాట, "వీడి మూతి తెల్లబడిందేందమ్మాయ్? ముసలోడైపోయాడే!" అని. ఆవిడకి రెండేళ్లుగా ఆ తెల్లవెంట్రుకలు కనబడలేదు మరి.

రెండో కన్నూ అయిపోయింది. ఇప్పుడు నెలకోసారి గురజాల వెళ్లి ఇల్లు చూసుకొస్తున్నాం. తాళాల చప్పుడు వినబడితే చాలు, నల్లోడు వెళ్లి కారు తలుపు దగ్గర కూర్చుంటాడు. ప్రెషర్ కుక్కరు విజిల్‌కి మాత్రం ఇంకా మంచం కిందే. కిటికీ పక్క సీటు అత్తయ్యదా వాడిదా అన్నది ఒక్కటే ఇంకా తేలలేదు. పోయిన ఆదివారం మాత్రం వాడే గెలిచాడు.